గాలికి ఎదురు నిలిచే పక్షులు

ధ్యానము కొరకు: మత్తయి 6:25-34, 10:29-31, 14:22-33, మార్కు 4:35-41



మన తెలంగాణకు సముద్రం లేదు. మా ఇబ్రహీంపట్నం వాళ్ళం సముద్రం చూడాలంటే బాపట్ల దగ్గర సూర్యలంకకో, మచిలీపట్నం దగ్గర మంగినపూడికో పోవాలి. రాత్రి బస్సెక్కితే తెల్లవారేసరికి చేరతాం. మా సంఘంలో అరవై దాటిన పెద్దలు చాలామంది సముద్రాన్ని కళ్ళారా చూడనే లేదు. అందుకే వాక్యంలో సముద్రము, తుఫాను, దోనె అన్న మాటలు వచ్చినప్పుడు వాళ్ళు అదేదో దూరదేశపు సంగతి అన్నట్టు వింటారు. ఇది కోస్తా విశ్వాసులకు అర్థమయ్యే పాఠం, మెట్టపొలాల మనుషులకు కాదు అనుకుంటారు.

అయితే శిష్యులు ప్రాణభయంతో కేకలు వేసిన ఆ 'గలిలయ సముద్రము' నిజానికి మంచినీళ్ళ సరస్సు. పొడవు సుమారు 21 కిలోమీటర్లు, బాగా వెడల్పున్న చోట 13 కిలోమీటర్లు. ఆకాశం తేటగా ఉన్న రోజున ఈ ఒడ్డున నిలబడితే ఆ ఒడ్డు కొండలు కనబడతాయి. మత్తయి, మార్కు దాన్ని సముద్రమన్నారు. లూకా మాత్రం సరస్సు అని రాశాడు (లూకా 5:1, 8:22). లూకా పౌలుతో పాటు మధ్యధరా సముద్రం మీద ప్రయాణం చేసినవాడు, మెలితే ద్వీపం దగ్గర ఓడ బద్దలైనప్పుడు అందులో ఉన్న 276 మందిలో ఆయన కూడా ఉన్నాడు (అపొ. కా. 27). పెద్ద సముద్రం ఎలా ఉంటుందో ఎరిగిన మనిషి గనుక దీన్ని సరస్సు అన్నాడేమో అని మేము అనుకుంటాం. కాని పేతురుకు, యోహానుకు, వారి తండ్రులకు అదే సముద్రం. తిండి పెట్టేది అదే, ప్రాణం తీయగలిగేదీ అదే.

మనకూ అలాంటిది ఒకటుంది. మా పెద్ద చెరువు. 1550 నుండి 1580 వరకు గోల్కొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా కాలం నాటిది. ఊరికి ఆయన పేరే వచ్చింది. ఎన్నో ఏళ్ళు ఈ చెరువు ఎండిపోయి ఉంది. నీళ్ళు తెచ్చే ఫిరంగి కాలువ పూడిపోయి, శిఖంలో సర్కారు తుమ్మ మొలిచి, పిల్లలు అందులో క్రికెట్ ఆడుకున్నారు. ఈ మధ్య సంవత్సరాలలో దేవుడు మంచి వానలిచ్చాడు, చెరువులోకి మళ్ళీ నీళ్ళు వచ్చాయి. నీళ్ళతో పాటు పక్షులు వచ్చాయి. గాలి గట్టిగా వీచిన రోజున కట్టమీద నిలబడి చూడండి. అలలు వరుసగా వచ్చి కట్ట రాళ్ళకు కొట్టుకుంటాయి, తుంపర ముఖం మీద పడుతుంది. ఆ రోజు జాలరి అన్నలు తెప్పలు నీళ్ళలోకి దించరు. తెప్పను ఒడ్డున బోర్లించి, వలలు బాగుచేసుకుంటూ కూర్చుంటారు. సువార్తల్లోని తుఫానును అర్థం చేసుకోవడానికి మన చెరువు చాలు.

అలాంటి ఒక గాలి రోజున మేము చూసిన పక్షుల గురించి, ఒక అక్క అడిగిన ప్రశ్న గురించి ఈ వారం ధ్యానించుకుందాం.

ముందు ఆ ప్రశ్న చెబుతాం. మా సంఘంలో ఒక అక్క కూరగాయల తోటల్లో కూలికి పోతుంది. కొడుకు ఫైనాన్స్‌లో ఆటో తీసుకున్నాడు. ఆరు నెలలు బాగానే నడిపాడు. ఆ తర్వాత ప్రమాదంలో కాలు విరిగింది. ఆటో ఇంటి ముందర ఆగిపోయింది, కిస్తీ మాత్రం ఆగలేదు. ఒక ఆదివారం మత్తయి 6వ అధ్యాయం నుండి, ఆకాశపక్షులను చూడమని ప్రభువు చెప్పిన మాట మీద సందేశం జరిగింది. ఆరాధన అయిపోయి అందరూ వెళ్ళాక ఆమె చాపలు మడతపెడుతూ మెల్లగా అడిగింది: "అయ్యగారూ, పిట్టలకు అప్పులుంటయా? పిట్ట ఇంటిముంగట ఫైనాన్సోళ్ళు వచ్చి కూసుంటరా?"

ఆమె ఎగతాళిగా అడగలేదు. దేవుణ్ణి నమ్మి, ఆ నమ్మకంతోనే నిజంగా తెలుసుకోవాలని అడిగింది. ఇలాంటి ప్రశ్నకు వెంటనే ఒక వచనం చెప్పి పంపించడం తేలిక. కాని పక్షులను చూడమని ప్రభువు చెప్పాడంటే, నిజంగా వెళ్ళి చూడాలి కదా. ఆ వారంలో పడమటి గాలి జోరుగా ఉన్న ఒక సాయంత్రం మేము చెరువు దగ్గర చాలాసేపు ఉన్నాం. మనసులో ఆ అక్క మాటే ఉంది.

1. పక్షి పని మానదు

మా చెరువు మీద తిరిగే పక్షుల్లో ఒకటి రివర్ టెర్న్. సన్నగా, బూడిద తెలుపు రంగులో ఉంటుంది. ముక్కు పసుపు, నెత్తిన నల్ల టోపీ, తోక కత్తెరలా చీలి ఉంటుంది. నీటికి కొంత ఎత్తున ఎగురుతూ తల వంచి కిందికే చూస్తుంది. చేప కనబడగానే రెక్కలు ముడిచి రాయిలా పడుతుంది. గాలి లేని రోజున నీళ్ళు అద్దంలా ఉంటాయి గనుక దానికి వేట సులువు. గాలి రోజున నీళ్ళు చెదిరిపోయి లోపల ఏముందో సరిగా కనబడదు. ఆ సాయంత్రం ఒక పక్షిని మేము లెక్కపెట్టి చూశాం. తొమ్మిదిసార్లు దూకింది. రెండుసార్లు మాత్రమే నోట చేపతో పైకి లేచింది. తక్కిన ఏడుసార్లు ఖాళీ ముక్కుతో లేచి, నీళ్ళు దులుపుకుని, మళ్ళీ అదే ఎత్తుకు వెళ్ళింది.

పరలోకపు తండ్రి పక్షులను పోషిస్తున్నాడని ప్రభువు చెప్పాడు. పోషించడమంటే ఏమిటో ఈ పక్షి చూపిస్తుంది. చేప దాని నోట్లోకి వచ్చి పడదు. దేవుడు దానికి రెక్కలిచ్చాడు, చూపునిచ్చాడు, చెరువులో చేపనిచ్చాడు, ఏడుసార్లు తప్పినా ఎనిమిదోసారి దూకే ప్రాణాన్ని ఇచ్చాడు. చింతపడవద్దు అంటే పని చేయవద్దు అని కాదు. తప్పిపోయిన ఏడు దూకుళ్ళ బరువును మోసుకుంటూ ఎనిమిదో దానికి వెళ్ళవద్దు అని.

పొద్దున నాలుగింటికి లేచి, ట్రాలీ ఆటోలో నిలబడి తోటకు పోయి, వంగి వంగి టమాటాలు తెంపే మన అక్కచెల్లెళ్ళను చూసి 'మీకు విశ్వాసం తక్కువ, అందుకే ఆరాటపడుతున్నారు' అనే హక్కు ఎవరికీ లేదు. ఆకాశపక్షి కూడా పొద్దంతా పని చేస్తుంది. దాని రెక్కల కష్టంలో తండ్రి పోషణ ఉంది. మన చేతుల కష్టంలో కూడా ఉంది.

2. పక్షి గాలికి వీపు చూపదు

కొంతకాలం క్రితం సంఘం పిల్లలను తీసుకుని మేము సూర్యలంక తీరానికి వెళ్ళాం. అది చలికాలం, ఆ రోజు కూడా గాలి గట్టిగానే ఉంది. మా పిల్లలు మొదటిసారి సముద్రం చూసి కాసేపు నోట మాట లేక నిలబడ్డారు. ఒక చిన్నోడు "ఇది ఎక్కడిదాకా ఉంటది?" అని అడిగాడు. కాసేపటికి వాళ్ళ చూపు ఇసుక మీద వాలిన తెల్ల పక్షుల మీద పడింది. అవి సీగల్స్. మన తీరానికి చలికాలంలో వచ్చే గోధుమరంగు తల సీగల్స్ మధ్య ఆసియాలోని ఎత్తైన పీఠభూముల సరస్సుల దగ్గర గుడ్లు పెట్టి, చలికి ఇటు దిగి వస్తాయి. ఆ పక్షులన్నీ ఒకే వైపు ముఖం పెట్టి నిలబడి ఉన్నాయి. ఎవరో వరుసలో నిలబెట్టినట్టు. "అన్నీ ప్రార్థన చేస్తున్నయా?" అని ఒక పాప అడిగింది.

అవి గాలి వచ్చే వైపు ముఖం పెట్టి నిలబడ్డాయి. మా చెరువులో మోడు మీద కూర్చున్న నీటికాకి కూడా గాలి రోజున అదే పని చేస్తుంది. పక్షి ఈకలు తల నుండి తోక వైపుకు, ఇంటిమీది గూనపెంకుల్లాగా ఒకదాని మీద ఒకటి పరచి ఉంటాయి. ఎదురుగా వచ్చే గాలి వాటిని ఒంటికి అదిమిపెడుతుంది, లోపలి వెచ్చదనం పోదు. వెనుక నుండి వచ్చే గాలి ఈకలను ఎత్తి చెదరగొడుతుంది, చలి లోపలికి దిగుతుంది. ఇంకో కారణం కూడా ఉంది. ఎగరాలంటే ఎదురుగాలి కావాలి. రెక్క చాపగానే ఆ గాలే పైకి లేపుతుంది. మన శంషాబాద్ విమానాశ్రయంలో విమానాలు కూడా వీలైనంత వరకు గాలికి ఎదురుగానే పైకి లేస్తాయి.

మత్తయి 14వ అధ్యాయంలో శిష్యులకు వచ్చింది కూడా ఎదురుగాలే. ఇక్కడ ఒక సంగతి గమనించండి. వాళ్ళు ప్రభువు మాట వినకుండా దోనె ఎక్కలేదు. ఆయనే వాళ్ళను బలవంతం చేసి ఎక్కించి, అద్దరికి వెళ్ళమన్నాడు (14:22). ఆయన చెప్పిన దారిలోనే వాళ్ళు వెళ్తున్నారు, అయినా గాలి ఎదురైంది. కాబట్టి ఒక ఇంట్లో కష్టం వచ్చిందంటే వాళ్ళు ఏదో పాపం చేసి ఉంటారని మాట్లాడుకోవడం వాక్యానుసారం కాదు. ఆ అక్కతో కూడా కొందరు అలాగే అన్నారట, 'నీ కొడుకు చర్చికి సరిగ్గా రాడు, అందుకే కాలు విరిగింది' అని. అప్పు కంటే ఆ మాటే ఆమెను ఎక్కువ నలగగొట్టింది.

మార్కు మరొక మాట చేర్చాడు. శిష్యులు తెడ్లు వేయలేక అవస్థ పడుతుంటే ప్రభువు ఒడ్డున ఉండి వాళ్ళను చూశాడు (మార్కు 6:48). ఆయన వాళ్ళ దగ్గరకు వచ్చింది రాత్రి నాలుగవ జామున, అంటే తెల్లవారుజామున. అంతవరకు వాళ్ళు చీకట్లో గాలికి ఎదురుగా తెడ్లు వేస్తూనే ఉన్నారు. ఆయన కనబడకపోయినా, ఆయన చూపులో ఉన్నారు.

గాలికి ఎదురు నిలవడం అంటే మన జీవితంలో ఏమిటి? అప్పుల వాళ్ళు వస్తున్నారని ఫోన్ ఆపేసి దాక్కోవడం వీపు చూపడం. ఒక అప్పు తీర్చడానికి ఇంకా ఎక్కువ వడ్డీకి ఇంకో అప్పు చేయడం వీపు చూపడం. సారా దగ్గరికి పోవడం వీపు చూపడం. పురుగుమందు డబ్బా వైపు చూపు పోవడం అన్నిటికంటే ఘోరంగా వీపు చూపడం. మన జిల్లాల్లో ఎన్ని ఇళ్ళలో ఆ దుఃఖం ఉందో మీకు తెలుసు. ఉన్న లెక్కను కాగితం మీద రాసుకుని, ఇంట్లో వాళ్ళందరినీ కూర్చోబెట్టి, ప్రభువు ముందు పెట్టి, ఆ తర్వాత అప్పు ఇచ్చినవాడి ముందు కూడా పెట్టడం, ఇది గాలికి ముఖం చూపడం. భయం ఉంటుంది. అయినా ఆ పక్షుల్లాగా ఈకలు ఒంటికి అదుముకుని నిలబడవచ్చు.

3. పిచ్చుక నేల రాలినా తండ్రి ఎరుగును

ఇక్కడితో ఆపితే ఈ ధ్యానం సగం అబద్ధం అవుతుంది. గాలికి ఎదురు నిలిచిన పక్షులన్నీ బతుకుతాయా? బతకవు. గాలివాన మరుసటి రోజున చెట్ల కింద రాలిన కొంగపిల్లలను మనం చూస్తాం.

సూర్యలంకలో పిల్లలు ఆడుకుంటుండగా మా మనసు 1977 వైపు వెళ్ళింది. ఆ ఏడు నవంబరు 19, శనివారం. దివిసీమ మీదికి ఉప్పెన వచ్చింది. తాటిచెట్ల ఎత్తు నీళ్ళు వచ్చాయని బతికినవాళ్ళు చెప్పుకున్నారు. పదివేల మందికి పైగా చనిపోయారు. పశువులకు లెక్కే లేదు. బాపట్లలో ఒక చర్చిలో తలదాచుకున్న సుమారు వంద మంది, ఆ కట్టడం కూలి ప్రాణాలు విడిచారు. దేవుని మందిరం అని నమ్మి లోపలికి వెళ్ళినవాళ్ళు! వాళ్ళలో ప్రార్థన చేయనివాళ్ళు ఎవరుంటారు? ఆ సంగతి తెలిసినవాళ్ళు ఎవరూ 'నమ్మితే నీకేమీ కాదు' అని తేలికగా చెప్పలేరు.

మన ప్రభువు కూడా అలా చెప్పలేదు. మత్తయి 10:29 జాగ్రత్తగా చదవండి. రెండు పిచ్చుకలు ఒక కాసుకు అమ్ముడుపోయే లోకంలో ఆయన మాట్లాడుతున్నాడు. పిచ్చుక ఎన్నడూ నేల పడదని ఆయన వాగ్దానం చేయలేదు. తండ్రి ఎరగకుండా ఒక్కటి కూడా పడదని చెప్పాడు. ఆ మాట చెప్పిన ఆయనే ఆ తర్వాత సిలువమీద నేలకు రాలిన పిచ్చుక అయ్యాడు. మూడవ దినమున తండ్రి ఆయనను లేపాడు. మన నిరీక్షణ అక్కడ ఉంది. గాలి ఆగుతుందన్న దాని మీద కాదు. గాలిలో రాలినా తండ్రి చేతిలోకే రాలుతాం అన్న దాని మీద.

పేతురు గాలిని చూసి భయపడి మునిగిపోబోయినప్పుడు ప్రభువు వెంటనే చెయ్యి చాపి పట్టుకున్నాడు. గమనించండి, పట్టుకున్న ఆ క్షణానికి గాలి ఇంకా వీస్తూనే ఉంది. వాళ్ళిద్దరూ దోనె ఎక్కిన తర్వాతే అణిగింది. చెయ్యి ముందు వచ్చింది, నెమ్మది తర్వాత వచ్చింది. నోవహు పంపిన పావురానికి కూడా నీళ్ళమీద అరికాలు మోపడానికి చోటు దొరకనప్పుడు ఓడలో నుండి ఒక చెయ్యి బయటికి చాపబడింది (ఆది. 8:9). మన దేవుని పద్ధతి ఇది.

4. వెంట ఉన్న చిన్న దోనెలు

మార్కు 4:36లో చాలామంది దాటిపోయే ఒక చిన్న మాట ఉంది. ఆ రాత్రి ప్రభువు ఉన్న దోనెతో పాటు ఇంకా వేరే దోనెలు కూడా వెళ్ళాయి. వాటిలో ఎవరున్నారో వాక్యం చెప్పలేదు. తుఫాను వాళ్ళకూ వచ్చింది, ప్రభువు గాలిని గద్దించినప్పుడు నెమ్మది వాళ్ళకూ కలిగింది.

1986లో ఆ గలిలయ సరస్సులో కరువు వల్ల నీళ్ళు బాగా తగ్గిపోతే, బురదలో కూరుకుపోయిన ఒక పాత దోనె బయటపడింది. ఇద్దరు అన్నదమ్ములు, చేపలు పట్టుకునేవాళ్ళే, దాన్ని మొదట చూశారు. అది సుమారు ప్రభువు కాలం నాటిదని పరిశోధకులు తేల్చారు. పొడవు 8 మీటర్లకు కొంచెం ఎక్కువ, వెడల్పు 2 మీటర్లకు కొంచెం ఎక్కువ. అంటే ఒక చిన్న లారీ అంత. దాని చెక్కల్లో పది రకాలకు పైగా కలప ఉంది. ఎక్కడ దొరికిన ముక్క అక్కడ అతికించి, పాత దోనెల చెక్కలు తెచ్చి బాగుచేసి, దాన్ని ఎన్నో ఏళ్ళు నడిపారు. పేదవాళ్ళ దోనె అది.

సంఘం కూడా అలాంటి అతుకుల దోనె. ఒక్కరి దగ్గర పూర్తి కలప ఉండదు. మా సంఘంలో అక్కచెల్లెళ్ళు వంట ముందు తీసిపెట్టే పిడికెడు బియ్యం ఆ అక్క ఇంటికి మూడు నెలలు వెళ్ళాయి. లెక్కలు తెలిసిన ఒక తమ్ముడు ఆమె వెంట ఫైనాన్స్ ఆఫీసుకు వెళ్ళి, కాగితాలు చదివి, కిస్తీ తగ్గించి గడువు పెంచమని మాట్లాడి వచ్చాడు. ఇంకో సహోదరుడు ఆటోను కొన్నాళ్ళు తాను నడిపి, వచ్చినదాంట్లో సగం ఇస్తానన్నాడు. అప్పు తీరిపోలేదు. ఇంకా ఉంది. కొడుకు కర్ర పట్టుకుని ఇప్పుడిప్పుడే నడుస్తున్నాడు. కాని ఆమె ఇప్పుడు ఒంటరి దోనెలో లేదు.

మొన్న ఆమెకు చెరువు పక్షుల సంగతి చెప్పాం. తొమ్మిదిసార్లు దూకి రెండు చేపలు పట్టిన పక్షి గురించి విని నవ్వింది. "గంతే అయ్యగారూ, నా లెక్కనే ఉంది అది కూడా" అంది. తర్వాత కాసేపు ఆగి, "రేపు మళ్ళ దుంకుతది గదా" అంది.

ప్రియులారా, ఈ వారం వీలైతే మీ ఊరి చెరువు కట్టకు వెళ్ళండి. గాలి ఉన్న రోజున వెళ్ళండి. పక్షులు ఎటు ముఖం పెట్టి ఉన్నాయో చూడండి. మీ పక్కింట్లో గాలి వీస్తోందేమో అది కూడా చూడండి. అక్కడ మీ చెయ్యి చాపవలసి ఉందేమో ప్రభువును అడగండి.

ప్రార్థన: గాలికి, సముద్రానికి, మా చెరువులకు ప్రభువైన తండ్రీ, మీకు స్తోత్రములు. అప్పుల గాలిలో, రోగపు గాలిలో, నిందల గాలిలో నిలబడిన మా సహోదరీ సహోదరులను మీ చూపులో ఉంచుకొనండి. వీపు చూపి పారిపోవాలనిపించినప్పుడు వారికి బలమియ్యండి. ప్రాణం తీసుకోవాలన్న తలంపు ఎవరి మనసులో ఉన్నదో వారి దగ్గరికి ఈ రాత్రే మమ్మును నడిపించండి. రాలిపోయిన వారిని మీరు ఎరుగుదురు గనుక వారి కుటుంబాలను ఆదరించండి. మమ్మును ఒకరికొకరం తోడుదోనెలుగా చేయండి. యేసుక్రీస్తు నామమున అడిగి వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.